పదును పోయిన తర్వాత: ఖుకురి, మోరా కత్తుల తులన

కత్తిని మెచ్చుకునేటప్పుడు మనం వాడే మాటలన్నీ అది కొత్తగా ఉన్న రోజువి. కాగితాన్ని చప్పుడు లేకుండా కోస్తుంది, చేతిమీది వెంట్రుకలు గీస్తుంది, టమాటా తొక్క మీద జారదు అంటాం. ఆ రోజున ఏ కత్తయినా మంచిదిగానే కనిపిస్తుంది. రాయి మీద నాలుగుసార్లు రుద్దితే మెత్తని ఇనుప రేకుకు కూడా కాసేపు పదును వస్తుంది. కత్తి గుణం బయటపడేది వాదర మొద్దుబారిన తర్వాత. దాన్ని తిరిగి ఎవరు పదును పెట్టగలరు? వాళ్ళకు దొరికే రాయి అందుకు సరిపోతుందా? వందసార్లు అరగదీశాక మిగిలిన ఉక్కు మొదటి రోజులాగే పనిచేస్తుందా? వీటికి జవాబులు కత్తి ఆకారం గీసినప్పుడే, ఉక్కును కాల్చి గట్టిపరిచినప్పుడే చాలావరకు ఖాయమైపోతాయి. అందుకే ఆకారం, నిప్పు, సాన, సంరక్షణ అనే నాలుగింటినీ విడదీసి చూసే విమర్శ సగం విమర్శేనని నా అభిప్రాయం.

ఈ మాటను పరీక్షించడానికి మడత పడని రెండు కత్తులను పక్కపక్కన పెడుతున్నాను. ఒకటి నేపాల్ ఖుకురి, రెండోది స్వీడన్ మోరా. రెండూ పల్లెజనం పనిముట్లుగానే పుట్టాయి. అయినా ఉక్కు మందం దగ్గర నుంచి ఒర దాకా ఒకటి తీసుకున్న ప్రతి నిర్ణయానికీ రెండోది ఎదురు నిర్ణయం తీసుకుంది. అంత దూరంగా ఉన్నవి ఒకే సమస్యను ఎలా పరిష్కరించాయో చూడటంలోనే ఈ తులనకు ప్రయోజనం ఉంది.

ఏ పని కోసం పుట్టాయి

స్వీడన్‌లోని దాలర్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సు ఒడ్డున మోరా పట్టణం ఉంది. దాని దగ్గరి ఓస్ట్నోర్ గ్రామంలో కత్తుల పని 17వ శతాబ్దం నుంచీ ఉంది. అమెరికా వెళ్ళి తిరిగొచ్చిన ఎరిక్ ఫ్రోస్ట్ 1891లో అక్కడ కలప మోసే మంచుబండ్ల కర్మాగారం పెట్టాడు. కత్తుల తయారీ దాని పక్కనే మొదలై పెరిగింది. 1912లో కె.జె. ఎరిక్సన్ సంస్థ వచ్చింది. 2005లో రెండూ ఒక్కటయ్యాయి. ఇప్పుడు ఆ కత్తులు మోరాక్నీవ్ పేరుతో వస్తున్నాయి. అక్కడి అడవిలో చెట్టు నరకడానికి గొడ్డలి, దుంగ కోయడానికి రంపం ఉన్నాయి. కత్తికి మిగిలింది చిన్న పని: చెంచా చెక్కడం, మేకు చివర సన్నబరచడం, చేప కడుపు చీల్చడం, తాడు కోయడం.

నేపాల్ కొండపల్లెల్లో ఆ విభజన లేదు. కట్టెలు కొట్టడం, పొదలు నరకడం, వెదురు చీల్చడం, మాంసం ముక్కలు చేయడం, దశైం పండుగ బలి, అన్నీ ఖుకురి పనులే. 1814 నుంచి 1816 దాకా ఈస్టిండియా కంపెనీతో జరిగిన యుద్ధం తర్వాత గూర్ఖా సైనికుల వల్ల ఈ కత్తి ప్రపంచానికి తెలిసింది. మన సైన్యంలోని గోర్ఖా దళాల చిహ్నాల మీద కూడా అడ్డంగా పెట్టిన రెండు ఖుకురులు కనిపిస్తాయి. ఆ కీర్తి వల్ల చాలామంది దీన్ని ఆయుధంగానే చూస్తారు. ధరాన్, భోజ్‌పుర్ వంటి చోట్ల దీన్ని చేసే కమ్మరులకు మాత్రం ఇది ఇంటింటి పనిముట్టు. విమర్శ కూడా దీన్ని పనిముట్టుగానే తూచాలి. యుద్ధకథలను పక్కన పెడితే తప్ప ఈ కత్తిలోని తెలివి కనపడదు.

ఆకారం: పలచన, బరువు

మోరా క్లాసిక్ నమూనాలో అలుగు సుమారు 10 సెంటీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. ఒర లేకుండా తూస్తే వంద గ్రాములు కూడా ఉండదు. వెన్ను నుంచి కిందికి అలుగు రెండు పక్కలా సమతలంగా వచ్చి, ఒకచోట నుంచి వాలుగా దిగి నేరుగా వాదర దగ్గర కలుస్తుంది. రెండు వాలుల మధ్య కోణం సుమారు 25 డిగ్రీలు. సంప్రదాయ రూపంలో ఈ వాలుకూ వాదరకూ మధ్య ఇంకో చిన్న వాలు ఉండదు. చెక్క చెక్కేటప్పుడు ఈ వెడల్పాటి వాలు చెక్క మీద ఆనుతుంది. దాంతో ఎంత లోతుగా కోయాలన్నది చేతి వంపుతోనే తెలుస్తుంది. పిడి ఎర్రరంగు వేసిన బర్చ్ కొయ్య, నడుమ ఉబ్బుగా, పీపా ఆకారంలో ఉంటుంది. వేలికి అడ్డు ఉండదు. అందువల్ల పట్టును పది రకాలుగా మార్చుకోవచ్చు, పొడిచే పనిలో మాత్రం వేళ్ళు వాదర మీదికి జారే ప్రమాదం ఉంటుంది. అలుగు మీదే చేయి పెట్టి చెక్కే పనికి ఆ స్వేచ్ఛ అవసరమని మోరా నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం నాకు సరైనదిగానే తోస్తుంది.

ఖుకురి అలుగు సాధారణంగా 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. వెన్ను మందం 8 మిల్లీమీటర్లు దాటడం మామూలే, బరువు అర కిలో పైన. అలుగు పిడి దగ్గర నుంచి నేరుగా వెళ్ళి మధ్యలో ముందుకు వంగుతుంది. ఆ వంపు దాటాక అలుగు వెడల్పవుతుంది, బరువంతా అక్కడ చేరుతుంది. చేయి ఊపినప్పుడు ఆ బొజ్జభాగమే ముందుగా తగులుతుంది, వాదర కొంత ఏటవాలుగా దిగి నరుకుతూనే కోస్తుంది. వాదరకు వెనక పక్కలు సమతలంగా కాక ఉబ్బుగా ఉంటాయి. ఈ ఉబ్బు రెండు పనులు చేస్తుంది. సన్నని వాదర వెనకే ఉక్కును దట్టంగా నిలిపి దెబ్బకు ఆసరా ఇస్తుంది. చీలిన చెక్కను రెండు పక్కలకూ తోసి, అలుగు ఇరుక్కోకుండా చేస్తుంది. పిడి మధ్యలో ఉంగరంలాంటి గట్టు, చివర వెడల్పాటి మడమ ఉంటాయి. ఊపులో కత్తి చేతిలోంచి జారిపోకుండా ఆపేవి అవే.

పిడి దగ్గర వాదర మొదట్లో ఖుకురికి ఒక గంటు ఉంటుంది. అది శివుడి త్రిశూలమనీ, ఆవు గిట్ట గుర్తనీ నమ్మకాలు ఉన్నాయి. పదును పెట్టే మనిషికి మాత్రం అది చాలా ఉపయోగపడే గీత. వాదర ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది, రాయి పిడిదాకా వెళ్ళకుండా ఆపుతుంది.

ఆకారం విషయంలో ఈ రెండు కత్తులను వాటి పనితో కలిపే తూచాలి. మోరాను వెన్ను మీద దుంగతో కొట్టి కట్టెలు చీల్చేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ వాడకానికి సమాధానంగా 2016లో మోరా నుంచి గార్బర్గ్ అనే నమూనా వచ్చింది. దాని అలుగు 3.2 మిల్లీమీటర్ల మందం, ఉక్కు పిడి చివరిదాకా వెళ్తుంది. బలం పెరిగిందనడంలో సందేహం లేదు. అదే కోణాన్ని మందమైన ఉక్కు మీద గీస్తే వాలు వెడల్పవుతుంది, చెక్క లోపలికి దిగడానికి ఎక్కువ తోపు కావాలి. గొడ్డలి పని నెత్తిన వేసుకున్న మేరకు ఆ కత్తి చెక్కే పనిలో కొంత పోగొట్టుకుంది. ఖుకురిలో ఇలాంటి రాజీ లేదు, దాని బరువు మొదటి నుంచీ నరకడానికే. దానితో ఉల్లిపాయ సన్నగా తరగలేమని వంక పెట్టడం అన్యాయం. ఆ పనికి దాని ఒరలోనే చిన్న కత్తి ఉంది.

నిప్పు: ఒకే సమస్య, రెండు జవాబులు

ఈ తులనకు గుండెకాయ ఇక్కడే ఉంది. ఉక్కు గట్టిపడాలంటే దాన్ని ఎర్రగా కాల్చి గబుక్కున చల్లార్చాలి. మామూలు కర్బన ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. దానికి కాస్త పైన దాని లోపలి అమరిక మారి, కర్బనం ఇనుములో కలిసిపోతుంది. ఆ స్థితిలో నీళ్ళలోనో నూనెలోనో ముంచితే కర్బనం బయటికి రాలేక లోపలే ఇరుక్కుంటుంది. ఉక్కు బాగా గట్టిపడుతుంది, అంతే పెళుసవుతుంది. తర్వాత రెండు వందల డిగ్రీల ప్రాంతంలో మళ్ళీ వేడిచేస్తే గట్టిదనం కొద్దిగా తగ్గి పెళుసుదనం చాలా తగ్గుతుంది. కత్తులు చేసే ప్రతివాడి ముందూ ఉన్న సమస్య ఇదే: వాదర గట్టిగా ఉండాలి, ఒళ్ళు దెబ్బ తట్టుకోవాలి. ఒకే ఉక్కులో ఈ రెండూ ఎలా?

ఖుకురి జవాబు నీటి ధారలో ఉంది. నేపాల్ కమ్మరి ఎక్కువగా లారీ కమానుకట్టల ఉక్కునే వాడతాడు. అందులో కర్బనం సుమారు 0.6 శాతం. మన కమ్మరులకూ ఆ ఉక్కు బాగా పరిచయం, కొడవళ్ళూ కత్తులూ దానితోనే సాగగొడతారు. అలుగును సమ్మెటతో తీర్చిదిద్దాక వాదరను కాల్చి, కెటిల్ మూతి నుంచి సన్నని ధారగా నీళ్ళు వాదర మీద మాత్రమే, ముఖ్యంగా బొజ్జభాగం మీద, అటూ ఇటూ పోస్తాడు. వాదర క్షణంలో చల్లారి గట్టిపడుతుంది. వెన్నులో మిగిలిన వేడి నెమ్మదిగా వాదర వైపు పాకి దాని పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. విడిగా మళ్ళీ కాల్చే పని ఉండదు. ఎప్పుడు ఆపాలో ఉక్కు మీద పాకే రంగు చూసి తెలుసుకుంటాడు. వెన్ను మెత్తగానే ఉంటుంది కాబట్టి బండ మీద దెబ్బ తగిలినా కత్తి విరగదు. ఒక్క ముక్క ఉక్కులో, అదనంగా ఏమీ చేర్చకుండా, నీళ్ళు పోసే చోటును బట్టి గట్టిదనాన్ని పంచడం గొప్ప ఆలోచన. లోహశాస్త్రం ప్రయోగశాలల్లోకి రాకముందే అది కొలిమి దగ్గర నడిచింది.

మోరా జవాబు రెండు రకాలు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి పట్టీ ఉక్కు నుంచి అచ్చుతో కోసి, కొలిచిన వేడిలో ఒకే తీరున గట్టిపరచినవి. తుప్పుపట్టని రకంలో వాడిన 12సి27 ఉక్కులో కర్బనం 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. దాన్ని గట్టిపరచడానికి సుమారు 1080 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి నిలకడగా నిమిషాల పాటు ఉండాలి. తిత్తి ఊది, కంటితో రంగు చూసి చేసే పని కాదది, కొలిమి నియంత్రణ ఉన్న కర్మాగారం ఉంటేనే సాధ్యం. రెండో రకం చెక్కుడు కత్తుల్లో వాడే పొరల ఉక్కు: నడుమ అధిక కర్బనపు గట్టి పొర, రెండు పక్కలా మెత్తని పొరలు. దీన్నంతా ఒకేసారి ముంచినా కర్బనం ఉన్న నడిమి పొరే గట్టిపడుతుంది, పక్కలు మెత్తగానే ఉండి దెబ్బను తీసుకుంటాయి.

అంటే ఖుకురి గట్టిదనాన్ని వాదర నుంచి వెన్ను దిశలో పంచింది, పొరల మోరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పంచింది. ఈ తేడా ఫలితం ఏళ్ళు గడిచాక తెలుస్తుంది. పొరల కత్తి పెన్సిల్ లాంటిది. ఎంత చెక్కినా మొనకు సీసం వచ్చినట్టు, ఎంత అరగదీసినా వాదరకు గట్టి పొరే వస్తుంది. ఖుకురిలో గట్టి భాగం వాదర వెంబడి ఉన్న పట్టీ మాత్రమే. తరచుగా ఆకురాయి పెట్టి అరగదీస్తే ఒకనాటికి మెత్తని ఉక్కు వాదరకు చేరుతుంది. అందుకే ఖుకురికి పదును పెట్టడంలో పొదుపు ఉండాలి. ఆ పొదుపుకు సాధనం కూడా దాని ఒరలోనే ఉంది.

గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ అంకెల మోజుకు ఇక్కడే సమాధానం ఉంది. మోరా తుప్పుపట్టని ఉక్కు 56 నుంచి 58 మధ్య ఉంటుంది, కర్బన ఉక్కు ఇంకాస్త ఎక్కువ. బాగా చేసిన ఖుకురి బొజ్జ దగ్గర వాదర కూడా దానికి దగ్గరలోనే ఉంటుంది. అంకెలు పక్కపక్కనే ఉన్నా ఒకటి వెదురు గణుపును నరుకుతుంది, ఇంకోటి చెంచా గుంట చెక్కుతుంది. వాదర వెనక ఎంత మందం ఉంది, గట్టిదనం ఎక్కడ ఆగింది అన్నవి చెప్పకుండా ఇచ్చే అంకె కొనేవాడికి ఉపయోగపడదు.

ఖుకురి బలహీనత కూడా నిప్పులోనే ఉంది. రంగును కంటితో చూసి, ధారను చేత్తో పోసి చేసే పని మనిషిని బట్టి మారుతుంది. ఒకే కొలిమి నుంచి వచ్చిన రెండు కత్తులు ఒకేలా ఉంటాయని హామీ లేదు. గోడకు తగిలించడానికి చేసిన వాటిలో ఈ పని సరిగా జరగనివీ ఉంటాయి. పరీక్ష సులువే. వాదర మీద ఆకురాయి నడిపితే గట్టి ఉక్కు మీద అది జారుతుంది, మెత్తని చోట కరుస్తుంది. కమ్మరి ఎప్పుడూ చేసే ఈ పరీక్షను కొనేవాళ్ళూ నేర్చుకోవాలి.

నిప్పును చదివే జ్ఞానం ఎంత విలువైనదో తెలుగు నేలకు తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. కర్బనం చాలా ఎక్కువ ఉన్న ఆ ఉక్కును తక్కువ వేడిలో, ఓపికగా సాగగొట్టాలి. తమకు అలవాటైన వేడికి దాన్ని కాల్చిన యూరప్ కమ్మరుల చేతిలో అది పగిలిపోయేది. ఉక్కు గొప్పదైతే చాలదు, దాని వేడి తెలిసిన చేయి కూడా కావాలి.

సాన: రాయి ఏం చెబుతుంది

మోరాకు పదును పెట్టడం పిల్లలకైనా నేర్పవచ్చు. వెడల్పాటి వాలును తడి రాయి మీద పూర్తిగా ఆనించి, ముందుకు తోయాలి. కోణం ఎంత ఉండాలో ఆ వాలే చెబుతుంది, అంచనా వేయనక్కర్లేదు. అవతలి అంచున సన్నని రేకు లేచిందని వేలికి తెలిసేదాకా ఒక పక్క, తర్వాత రెండో పక్క, చివర నున్నని రాయి, తోలు. పొరల కత్తిలో ఆ వాలులో ఎక్కువ భాగం మెత్తని ఉక్కే కాబట్టి రాయి చకచకా కోస్తుంది. ఈ సులువుకు వెల కూడా ఉంది. ప్రతిసారీ వాలు మొత్తాన్నీ అరగదీయాలి. పైగా 25 డిగ్రీల మొనదేలిన వాదర ఎముకకో గట్టి గణుపుకో తగిలితే సన్నగా చిట్లుతుంది. చివర్లో కోణాన్ని కొద్దిగా ఎత్తి రెండు మూడుసార్లు లాగితే ఆ చిట్లడం చాలావరకు ఆగుతుంది.

ఖుకురిని సమతలమైన రాయి మీద ఆనించలేం. పక్కలు ఉబ్బుగా ఉన్నాయి, వాదర గీత ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి వంగింది. వాలును చదునుగా అరగదీస్తే ఉబ్బు పోతుంది, దానితో దెబ్బ తట్టుకునే బలమూ పోతుంది. రాయినే చేతిలో పట్టి, వాదర వంపు వెంట కదుపుతూ, మణికట్టును కొద్దిగా దొర్లించాలి. లోపలి వంపుకు గుండ్రని అంచున్న రాయి కావాలి. మెత్తని తోలు మీద పరిచిన గరుకు కాగితం మీద వెనక్కి లాగినా ఉబ్బు చెడదు. ఇదంతా చేతికి అలవాటు కావాల్సిన విద్య. ఇందులో మోరాదే పైచేయి అని ఒప్పుకోవాలి.

అయితే ఖుకురి ఒక మెట్టు ముందే ఆలోచించింది. సంప్రదాయ ఒరలో పెద్ద కత్తి వెనక రెండు చిన్నవి ఉంటాయి. పదునున్నది కర్ద, చిన్న పనులకు. పదును లేనిది చక్మక్, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజేయడానికి, పెద్ద కత్తి వాదరను దిద్దడానికి. నరికేటప్పుడు వాదర చాలాసార్లు అరగదు, పక్కకు వంగుతుంది. చక్మక్‌ను దాని వెంట లాగితే వంగిన అంచు మళ్ళీ నిలబడుతుంది, ఉక్కు దాదాపు పోదు. గట్టి పట్టీ ఇరుకుగా ఉన్న కత్తికి కావలసిన పొదుపు ఇదే. కత్తితోపాటే సంరక్షణ సాధనాన్నీ మోసే ఈ ఏర్పాటు సాధారణ మోరాలో లేదు. మోరా కత్తుల కుటుంబం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదని నేను అనుకుంటాను.

రెండింటికీ శత్రువు ఒకటే: నీళ్ళు లేకుండా వేగంగా తిరిగే సాన చక్రం. నిప్పురవ్వలు ఎగసే ఆ చక్రం దగ్గర సన్నని వాదర క్షణంలో వేడెక్కుతుంది. ఉక్కు మీద గడ్డిరంగు వచ్చిందంటే వేడి రెండు వందలు దాటింది, నీలిరంగు వచ్చిందంటే మూడు వందలకు చేరింది. కొలిమి దగ్గర ఎంతో జాగ్రత్తగా సాధించిన గట్టిదనం ఆ నీలి గీతలో పోతుంది. వీధిలో సాన పట్టించుకునేటప్పుడు వాదరను మాటిమాటికీ నీళ్ళలో ముంచమని అడగడం అందుకే అవసరం.

ఒర, నూనె, తుప్పు

మోరా తుప్పుపట్టని రకం సంరక్షణ దాదాపు అడగదు. ప్లాస్టిక్ ఒరకు అడుగున నీరు కారే చిల్లు ఉంటుంది. తడిచినా తుడిచి ఆరబెడితే చాలు. సముద్రపు గాలి తగిలే చోట అదీ మచ్చలు పడుతుంది కాబట్టి పూర్తిగా మరిచిపోకూడదు. కర్బన ఉక్కు మోరా, ఖుకురి రెండూ నూనె కోరతాయి. ఖుకురి కొయ్య ఒరకు తొడిగిన తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలంలో నెలలపాటు కత్తిని అందులోనే ఉంచితే తుప్పు తప్పదు. తుడిచి, పలచగా నూనె రాసి, ఒర బయట దాచడమే మేలు. సన్నని తోక పిడిలోకి దిగే నమూనాలో దాన్ని లక్కలాంటి బంకతో నిలుపుతారు. అది వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో కత్తిని వదిలితే పిడి వదులయ్యే ప్రమాదం ఉంది. అదే వేడి ఇంకో రకంగా మేలు చేస్తుంది: వదులైన పిడిని వేడిచేసి మళ్ళీ బిగించుకోవచ్చు. మోరా ప్లాస్టిక్ పిడి పగిలితే మామూలు ఇంట్లో దాన్ని బాగుచేసే దారి లేదు.

చేసే చేతులు

ఖుకురి గొప్పదనాన్ని కీర్తించేవాళ్ళు దాన్ని చేసే కామి కులస్థుల గురించి ఒక్క మాట తప్పక చెప్పాలి. దేశానికి గుర్తుగా నిలిచిన కత్తిని చేసినవాళ్ళను ఆ సమాజమే అంటరానివాళ్ళుగా చూసింది. 1963 నాటి ములుకీ ఐన్ చట్టం ఆ వివక్షకున్న చట్టబద్ధతను తీసేసింది, కానీ తరాల అవమానాన్ని ఒక చట్టం తుడవలేదు. ధార ఎక్కడ పోయాలో తెలిసిన ఆ చేతికి జీతం, గౌరవం దక్కకపోతే ఆ జ్ఞానం తర్వాతి తరానికి అందదు. చౌకగా, ఒకే నాణ్యతతో దొరకడం మోరా సాధించిన విజయం. పాడవుతుందన్న భయం లేకుండా దాన్ని పిల్లల చేతికి కూడా ఇవ్వగలుగుతున్నారు. ఖుకురి ఆ దారిలో చౌకబారకూడదు. దాని ధరలో కమ్మరి నైపుణ్యానికి తగిన వాటా ఉండాలి.

తీర్పు

పదును పెట్టడం నేర్చుకోవాలనుకునేవారికి నేను మోరా వైపే చూపిస్తాను. వాలే గురువుగా ఉన్న కత్తి అది. ఉక్కును ఎక్కడ గట్టిపరచాలి, ఎక్కడ వదిలేయాలి అన్న ఆలోచనలో ఖుకురిదే పైస్థానం. కర్మాగారం లేకుండా, ఒక్క ముక్క ఉక్కుతో అది సాధించినది మోరా పొరలు పేర్చి సాధించింది. రెండింటిలోనూ లోపాలు ఉన్నాయి, అవి ఎదురెదురుగా ఉన్నాయి. మోరాలో ప్రతి కత్తీ ఒకేలా ఉంటుంది కానీ సంరక్షణ సాధనం సాధారణంగా వెంట రాదు. ఖుకురితో సాధనం వస్తుంది కానీ ఏ రెండు కత్తులూ ఒకటి కావు.

మన పల్లెల్లో కత్తులు, కొడవళ్ళు చేసే కమ్మరులూ, వాటిని కొనేవాళ్ళూ ఈ తులన నుంచి తీసుకోవలసినది ఉంది. కొనేముందు మూడు సంగతులు అడగాలి: గట్టిదనం వాదరలో ఎంతదాకా ఉంది, దీన్ని ఏ రాయి మీద ఎలా పట్టాలి, ఎన్నేళ్ళు అరగదీస్తే ఈ గుణం పోతుంది. జవాబు చెప్పగల కమ్మరి దగ్గర పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనాలి. అలా అడిగే కొనుగోలుదారులు పెరిగితే, కొలిమి దగ్గరి జ్ఞానానికి మళ్ళీ గిరాకీ వస్తుంది.